తీగకు ఒక కాయను వదలండి

ధ్యాన భాగం: యోనా 4:5–11, 2 రాజులు 4:38–41



ఈ కాలంలో మన కథలాపూర్ మండలంలో ఏ పల్లెకు గృహకూడికకు వెళ్లినా పెరట్లో ఏదో ఒక పాదు కనబడుతుంది. సొర, బీర, కాకర, దోస, గుమ్మడి. పందిరి వేసే చోటు లేనివాళ్లు రేకుల మీదికి, ప్రహరీ గోడ మీదికి, చివరికి బాత్రూమ్ పైకప్పు మీదికి కూడా తీగను పాకిస్తున్నారు. చూస్తే సంతోషం కలుగుతుంది. కానీ ఆ పందిళ్ల కింద నిలబడి పైకి చూసినప్పుడు ఒకటి లోటుగా అనిపిస్తుంది. లేత కాయలున్నాయి, పిందెలున్నాయి, పూత ఉంది. ముదిరిన కాయ మాత్రం ఎక్కడా లేదు. చేతికి అందిన కాయనల్లా కూరకు తెంపేస్తున్నాం. మరి వచ్చే ఏటికి విత్తనం ఎక్కడిది అంటే, కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో ప్యాకెట్ దొరుకుతుంది కదా అయ్యగారూ అంటున్నారు.

ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెరడు ఉన్న ప్రతి విశ్వాసి కుటుంబం, తాను పెట్టిన పాదుల్లో కనీసం ఒక్క మంచి కాయను తెంపకుండా తీగకే వదలాలి. అది అక్కడే ముదరాలి, ఎండాలి, గింజ గలగలలాడాలి. ఇది వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పవలసిన మాట, పాస్టరు చెప్పవలసిందా అని కొందరు అనుకోవచ్చు. మన విశ్వాసానికీ దీనికీ సంబంధం ఉందని నేను నమ్ముతున్నాను.

ఎండడం ఎలా జరుగుతుంది

మన ఊళ్లలో పెద్దవాళ్లు ఆనిగెపుకాయ అనే సొరకాయనే ముందుగా తీసుకుందాం. మృగశిర కార్తెలో గింజ పెడితే దసరా నాటికి కాయలు కూరకు వస్తాయి. కూరకు కావలసిన కాయ గోరు గుచ్చితే దిగాలి. విత్తనానికి కావలసిన కాయ అలా కాదు. పూత పట్టిన తరువాత రెండు నెలలు దాటితే గాని దాని లోపలి గింజ గట్టిపడదు. మెల్లగా పచ్చదనం పోయి కాయ పాలిపోతుంది. తోలు చెక్కలాగా మారుతుంది. అప్పుడు కూడా తొందరపడకూడదు. కాయ రంగును చూసి కాదు, తొడిమను చూసి తెంపాలి. తొడిమ గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయిందంటే తల్లి తీగ ఇవ్వవలసింది అంతా ఇచ్చేసిందని అర్థం. తొడిమ పచ్చిగా ఉండగా కోసిన కాయ ఎండదు, ముడుచుకుపోయి కుళ్లుతుంది.

కోసేటప్పుడు జానెడు కాకపోయినా నాలుగు వేళ్ల తొడిమ ఉంచి కోయాలి. నేల మీద పడేయకుండా గాలి తగిలే నీడ చోట వేలాడదీయాలి, లేదా అటక మీద ఒకదానికొకటి తగలకుండా పెట్టి అప్పుడప్పుడు తిప్పాలి. కొద్ది రోజులకు పైన బూజు మచ్చలు వస్తాయి. చాలామంది ఇక్కడే భయపడి కాయను పారేస్తారు. కాయ గట్టిగా ఉన్నంతవరకు ఆ బూజుతో ప్రమాదం లేదు. లోపలి నీరు బయటికి పోతున్నప్పుడు తోలు మీద బూజు పట్టడం మామూలే. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మెత్తబడి నీరు కారితే మాత్రం అది చెడిన కాయ. కాయ పెద్దదైతే పూర్తిగా ఎండడానికి కొన్ని నెలలు పడుతుంది. క్రిస్మస్ నాటికి తీగ దింపిన కాయ, శ్రమల దినాలు వచ్చేసరికి తేలికై చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. ఆ చప్పుడే గుర్తు.

అన్ని కాయలకూ ఒకే పద్ధతి పనికిరాదు. బీరకాయ తీగ మీదనే ఎండి బరువు పోయి గోధుమ రంగుకు వస్తుంది. దాని కొన మూతలాగా ఊడి నల్లని గింజలు రాలుతాయి. మిగిలిన పీచు ఒళ్లు రుద్దుకోవడానికి, గిన్నెలు తోమడానికి పనికి వస్తుంది. కాకరను అలా వదిలితే పండి పగిలి గింజలు నేలపాలు అవుతాయి. కాబట్టి సగం పసుపు తిరగగానే కోయాలి. దోస, గుమ్మడి పండిన తరువాత కొన్నాళ్లు ఇంట్లో ఉంచి, గింజ తీసి, కడిగి, నీడకు ఆరబెట్టాలి. ప్రసంగి గ్రంథం ప్రతిదానికీ ఒక సమయం ఉందని చెప్పింది గదా. ఏ కాయకు ఏ సమయమో తెలిసిన స్త్రీలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు.

ఎండిన కాయ చేసిన సేవ

మన సంఘాల్లో 'ఎండిన' అనే మాట వినబడితే తీర్పు అనుకుంటాం. ఎండిన జీవితం, ఎండిన ప్రార్థన, ఎండిన సంఘం. యెహెజ్కేలు చూసిన ఎముకల లోయ గుర్తుకు వస్తుంది. కానీ లేఖనంలో ఎండినదానికి ఇంకొక పక్క కూడా ఉంది. అహరోను కర్ర ఎండిన కర్రే. చిగురు, పువ్వు, బాదం కాయ ఆ కర్రకే వచ్చాయని సంఖ్యాకాండము 17వ అధ్యాయం చెబుతుంది. ఎండిన సొరకాయ చరిత్ర చూసినా ఎండడం అంటే పనికిరాకపోవడం కాదని తెలుస్తుంది.

ప్లాస్టిక్ సీసా రాకముందు మన తాతలు నాగలి పట్టి పొలానికి వెళ్తే నీళ్లు తీసుకుపోయింది సొరబుర్రలోనే. ఎండిన కాయకు మూతి కోసి, లోపలి గుంజు, గింజలు తీసి, చేదు పోయేదాకా కొన్నాళ్లు నీళ్లు పోసి మారుస్తూ ఉంటే బుర్ర తయారయ్యేది. బస్తర్ అడవుల్లో దానినే తుంబా అంటారు. దాని మీద కాల్చిన ఇనుముతో బొమ్మలు గీసేవాళ్లు నేటికీ ఉన్నారు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య వాయించిన పన్నెండు మెట్ల కిన్నెరకు నాదం ఇచ్చేది ఎండిన సొరబుర్రలే. లేత కాయ ఎంత అందంగా ఉన్నా దానికి తీగ కట్టి వాయించలేము. లోపల ఖాళీ అయిన తరువాతనే ఆ కాయలో స్వరం నిలుస్తుంది.

సొరకాయ పుట్టిల్లు ఆఫ్రికా అంటారు శాస్త్రవేత్తలు. అయినా వేల ఏళ్ల క్రితమే అమెరికా ఖండాల్లో మనుషులు దానిని వాడారు. మధ్యలో అంత మహాసముద్రం ఉంటే ఎలా చేరింది? ఎండిన కాయ ఉప్పునీటి మీద తేలుతూ వెళ్లి ఉంటుందని 2014లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన తేల్చింది. నెలల తరబడి సముద్రపు నీళ్లలో తేలిన తరువాత కూడా లోపలి గింజ మొలిచిందని అంతకుముందే పరీక్షలు చేసి చూశారు. లేత కాయకు ఆ ప్రయాణం సాధ్యం కాదు, నాలుగు రోజుల్లో కుళ్లిపోయేది. గట్టిగా ఎండిన కాయ లోపల జీవం భద్రంగా ఉంది. దేవుడు ఒక కాయ తోలులో ఇంత ఏర్పాటు చేశాడు.

ఒక్క రాత్రి సొరచెట్టు

ఇప్పుడు యోనా దగ్గరికి వద్దాం. మన తెలుగు బైబిలులో దేవుడు యోనాకు నీడగా మొలిపించినది సొరచెట్టు. హెబ్రీ భాషలో దాని పేరు కీకాయోన్. అది ఆముదపు చెట్టు అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఈ ఒక్క మాట మీద పూర్వం పెద్ద గొడవే జరిగింది. పాత లాటిను బైబిలులో సొర అని ఉన్నచోట జెరోము కొత్త అనువాదంలో ఐవీ తీగ అని మార్చాడు. ఆ అనువాదాన్ని నేటి లిబియాలోని ట్రిపోలి ప్రాంతంలో, అప్పట్లో ఓయా అనే ఊరి సంఘంలో చదివితే, తాము చిన్ననాటి నుంచి విన్న మాట మారిందని జనం గోల చేశారట. అగస్టీను ఆ సంగతిని 403లో జెరోముకు ఉత్తరం రాసి తెలిపాడు. మన తెలుగు అనువాదకులు సొర అన్నందుకు నాకు సంతోషమే, ఎందుకంటే మన పల్లెల్లో ఆ కథ చెబితే అందరి కళ్ల ముందు తమ పందిరే కనబడుతుంది.

ఆ చెట్టు విషయంలో దేవుడు యోనాకు చెప్పిన మాట గమనించండి. నీవు దాని కోసం కష్టపడలేదు, దానిని పెంచలేదు, ఒక రాత్రిలో పుట్టి ఒక రాత్రిలో పోయింది అన్నాడు. యోనా ఆ నీడను చూసి ఎంతో సంతోషించాడు. దాని నుంచి ఒక్క గింజ కూడా మిగలలేదు. తెల్లవారి పురుగు తొలిస్తే వాడిపోయింది. నీడ తీసుకోవడం తప్పు కాదు, అది దేవుని కృపే. కాని తన నీడ గురించి అంత బాధపడిన యోనా, లక్షా ఇరవై వేలకు పైగా మనుషులున్న నీనెవె రేపు ఏమవుతుందోనని బాధపడలేదు. దేవుడు గద్దించింది అక్కడే.

మన కాలంలో ఎక్కువమంది ఒక్క రాత్రి సొరచెట్టునే కోరుకుంటున్నారు. ఈ రాత్రి ప్రార్థన, రేపు ఉదయం వీసా. ఈ ఆదివారం కానుక, వచ్చే ఆదివారం రెండంతలు. అలాంటి బోధకే జనం ఎక్కువ వస్తున్నారు. తీగ మీద నెలల తరబడి ఒక కాయ ఎండడం చూసిన కుటుంబానికి ఈ బోధ అంత సులభంగా ఎక్కదని నా నమ్మకం. ఎదురుచూడడం ఎలా ఉంటుందో ఆ ఇంటి పిల్లలు కళ్లతో చూసి ఉంటారు.

మంచి కాయనే వదలాలి

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. విత్తనానికి వదలమంటే కొందరు చివరికి మిగిలిన వంకర పిందెను, పురుగు కుట్టిన కాయను వదులుతారు. మలాకీ దినాల్లో యాజకులు కుంటి పశువును, గుడ్డి పశువును బలిపీఠం దగ్గరికి తెచ్చినట్టే ఇది. వంకర కాయ గింజ పెడితే వచ్చే ఏడు కూడా అలాంటి కాయలు రావచ్చు. పాత స్త్రీలు పాదులో నిగనిగలాడే కాయను ఎంచి, దాని తొడిమకు ఒక గుడ్డ పీలిక కట్టి, "అది ముట్టకుండ్రి, విత్తనపు కాయ" అని ఇంట్లో అందరికీ చెప్పేవారు. ప్రథమ ఫలం అంటే ఏమిటో నేను సెమినరీలో పాఠంగా చదువుకున్నాను. ఆ గుడ్డ పీలిక కూడా అదే పాఠం చెబుతుంది.

దీనికి ఖర్చు ఉంది, అది దాచను. కాయ ముదురుతున్నప్పుడు తీగ తన బలమంతా గింజకే పెడుతుంది, కొత్త పిందెలు తగ్గుతాయి. అందుకే కొన్ని కోతలు కోసుకున్న తరువాత వదలడం మంచిది. రెండు పాదులుంటే ఒకదానిని విత్తనానికే ఉంచవచ్చు. ఎంత చూసుకున్నా కొన్ని కూరలు తగ్గుతాయి. చేను కోసేటప్పుడు అంచులను బీదల కోసం విడిచిపెట్టమని లేవీయకాండంలో దేవుడు చెప్పినప్పుడు కూడా రైతుకు కొంత తగ్గింది. దొరికినదంతా మనమే తినడానికి కాదు అని నేర్పడమే ఆ ఆజ్ఞ ఉద్దేశం.

రెండో మాట, చేదు గురించి. గిల్గాలులో కరువు కాలంలో ఎలీషా శిష్యుల్లో ఒకడు గుణం తెలియక అడవి కాయలు కోసుకొచ్చి కుండలో వేశాడు. తిన్నవాళ్లు కుండలో మరణముందని కేకలు వేశారు. ఇది పాత కథ అని తోసివేయకండి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయాడు. తరువాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు, సొరకాయను ముందు చిన్న ముక్క నాలుక మీద వేసి చూడాలని, చేదుగా ఉంటే పారేయాలని చెప్పారు. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. రాత్రి తిరిగే రెక్కల పురుగులు ఒక పాదు పుప్పొడిని ఇంకో పాదుకు చేరుస్తాయి. దగ్గరలో చేదు సొర ఉంటే ఆ గుణం మన గింజలోకి కూడా రావచ్చు. కాబట్టి చేదు కాయలు కాసిన పాదును విత్తనానికి ఎప్పుడూ ఉంచకండి. వండే ముందు రుచి చూసే అలవాటు మానకండి.

అభ్యంతరాలు

ప్యాకెట్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారు కొందరు. ప్యాకెట్ కొనడం పాపమని నేను అనను. కానీ తెలుసుకొని కొనండి. హైబ్రిడ్ గింజతో వచ్చిన కాయను ఎండబెట్టి మళ్లీ విత్తితే తల్లిలాంటి కాయలే వస్తాయన్న నమ్మకం లేదు. ఆ గింజ ఒక్క పంటకే, మరుసటి ఏడు మళ్లీ కొనాలి. నాటు రకం గాని, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా బహార్ లాంటి సూటి రకం గాని పెడితే ఆ గింజ మన ఇంట్లో నిలుస్తుంది. రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవడం, విత్తుకోవడం, పొరుగువాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడం మన హక్కు అని 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా చెబుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత పేద స్త్రీలే. వాళ్లు తమ ఇళ్లలోనే పాత పంటల విత్తనాలు దాచి పంచుకుంటూ వచ్చారు. 2019లో ఆ పనికి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లు చేసింది మన సంఘాలు చేయలేవా?

కోతులున్నాయి అంటారు. నిజమే, మన ఊళ్లలో ఇది చిన్న బాధ కాదు. కష్టపడి పెంచిన పందిరి ఒక్క పూటలో పీకి పోతున్నాయి. ఎంచుకున్న కాయకు పాత చీర ముక్కతో గాని, ఉల్లిగడ్డల వల సంచితో గాని తొడుగు వేసి ఆకుల చాటున ఉంచండి. కొంత నష్టం అయినా ఇరుగుపొరుగు నాలుగు ఇళ్లు వదిలితే ఏదో ఒక ఇంట కాయ దక్కుతుంది. ఒక్క ఇల్లు చేస్తే నిలవని పని నలుగురు కలిసి చేస్తే నిలుస్తుంది.

ఇంకొక అభ్యంతరం మన విశ్వాసుల దగ్గర నుంచే వస్తుంది. ఇంట్లో కాయ వేలాడదీస్తే దిష్టికి కట్టినట్టు ఉంటుంది, బుర్ర అంటే కల్లు గుర్తుకు వస్తుంది అని. ప్రియులారా, కాయను ఎందుకు వేలాడదీశామన్నది ముఖ్యం. భయంతో కట్టడం వేరు, గింజ ఆరడానికి కట్టడం వేరు. పొరుగువారు అడిగితే, మా విత్తనం ఆరబెట్టుకుంటున్నాం, మీకూ నాలుగు గింజలు ఇస్తాం అని చెప్పండి. అంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? భూమి మీద విత్తనమిచ్చే ప్రతి మొక్కనూ దేవుడే ఇచ్చాడని ఆదికాండం మొదటి అధ్యాయమే చెబుతుంది. ఒక దుర్వాడకం వలన దేవుని సృష్టి అపవిత్రం అయిపోదు.

మన ఇళ్లలో ఎండుతున్నవాళ్లు

చివరగా నా మనసులో బరువుగా ఉన్న సంగతి. ఈ పనులు తెలిసినవాళ్లు ఎవరు? డెబ్బై దాటిన అవ్వలు. కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, మనవడు హైదరాబాద్‌లో చదువుతుంటాడు. కోడలు బీడీలు చుడుతూ ఇల్లు నెట్టుకొస్తుంటుంది. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఇక నా వలన ఏమవుతుంది అయ్యగారూ, ఎండిన కట్టెను అని ప్రార్థన చేయమంటుంది. పింఛను వచ్చే తేదీ తప్ప ఆమెను ఎవ్వరూ ఏమీ అడగరు.

గింజను బూడిదలో కలిపి కుండలో పెట్టడం, మూట కట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీస్తే పొగకు పురుగు పట్టకపోవడం, ఏ కార్తెలో ఏ గింజ పెట్టాలో, తొడిమ ఏ రంగుకు వస్తే కోయాలో, ఇవన్నీ ఆమెకు తెలుసు. అడిగేవాళ్లు లేకపోతే ఆ జ్ఞానం ఆమెతోనే మట్టిలో కలుస్తుంది. తీగ మీద ముదిరిన కాయకు విలువ లేదనుకున్న ఇంట్లోనే అరుగు మీది ముసలి మనిషికి కూడా విలువ తగ్గుతోందని నాకు అనిపిస్తుంది. నీతిమంతులు ముసలితనంలో కూడా ఫలిస్తారని కీర్తనకారుడు నమ్మాడు. ఆ ఫలాన్ని కోసుకునే చేతులు మనవి కావాలి.

కాబట్టి నేను సంఘాలను రెండు పనులు అడుగుతున్నాను. ఈ ఏడు కోత పండుగకు వడ్లు, మక్కలు, కోళ్లతో పాటు విత్తనపు పొట్లాలు కూడా కానుక బల్ల మీదికి తీసుకురండి. పొట్లం మీద కాయ పేరు, దాచిన అవ్వ పేరు రాయండి. ఆరాధన అయిపోయాక వాటిని వేలం వేయకుండా ఇళ్లకు పంచండి. ఒకే పాదు గింజను ఏళ్ల తరబడి వాడడం కన్నా రెండు మూడు ఇళ్ల గింజలు కలిస్తే పాదుకు కూడా బలం. సండే స్కూలు పిల్లలను ఒక శనివారం అవ్వల దగ్గరికి పంపండి. ఎండిన బీరకాయను పిల్లల చేతిలో పెట్టి గింజలు రాల్చమనండి. యోనా కథ ఆ రోజు వాళ్లకు కొత్తగా అర్థం అవుతుంది.

ఈ సాయంత్రం మీ పందిరి కిందకు వెళ్లండి. మంచి కాయ ఒకటి ఎంచి పీలిక కట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఏ కాయను వదలాలో వాళ్లనే అడగండి.

విత్తువానికి విత్తనమును, తినువానికి ఆహారమును దయచేయు దేవుడు మీ పెరడును, మీ ఇంటి వృద్ధులను, మీ బిడ్డలను దీవించును గాక. ఆమేన్.